గురువారం రాత్రి మా రూంలో మోగే ఈ అయూబ్ బచ్చు ఎవరు? ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

దోహా_నర్సింలు
నమస్తే అందరికీ. దోహాలో ఏసీ మెకానిక్‌ను, మాది ఆర్మూర్ దగ్గర పల్లె. రూంలో మనోళ్లం ఇద్దరమే, మిగతా అందరూ బంగ్లాదేశ్ భాయ్‌లు, నోవాఖాలీ, కుమిల్లా వైపు వాళ్లు. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం రాత్రి చేపల కూర పొయ్యి మీద పెట్టి చిన్న స్పీకర్‌లో పాటలు వేస్తారు. అందులో ఒక పాట వచ్చిందంటే ఉల్లిగడ్డ కోసేటోడు కూడా కత్తి పక్కన పెట్టి గొంతు కలుపుతాడు. మెల్లగా మొదలవుతుంది, పోను పోను గిటార్ లేస్తుంది. ఎవరిదని అడిగితే "బచ్చు భాయ్" అన్నారు. ఇంకా చెప్పమంటే వాళ్లకు మాట రాదు. మనల్ని ఎవరన్నా బాలు ఎవరని అడిగితే ఎక్కడని మొదలుపెడతాం, అట్లనే ఉంది వాళ్ల పరిస్థితి.

యూట్యూబ్‌లో చూస్తే కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. కవర్లు, రీమిక్సులు, టీవీ షోలు, ఏది అసలుదో తెలుస్తలేదు. బెంగాలీ కొంచెం కొంచెం అర్థమవుతుంది. తెలిసినోళ్లు చెప్పండి.

ఖరగ్‌పూర్_కుర్రోడు
అన్నా, అది "సేయ్ తుమి" అయ్యుంటుంది. కొందరు "చలో బొదలే జాయ్" అంటారు, రెండూ ఒకటే పాట. 1993లో ఎల్‌ఆర్‌బీ అనే ఆయన సొంత బ్యాండ్ తెచ్చిన "సుఖ్" ఆల్బమ్‌లోది. రాసిందీ, ట్యూన్ కట్టిందీ, పాడిందీ ఆయనే.

మాది రైల్వే కుటుంబం. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో చేరాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే బెంగాలీ. స్కూల్లో ఒక స్నేహితుడి చుట్టాలు బంగ్లాదేశ్‌లోని ఖుల్నాలో ఉండేవారు. వాళ్లు తెచ్చే క్యాసెట్లు మా క్వార్టర్స్‌లో ఇల్లిల్లూ తిరిగేవి. తిరిగి తిరిగి రీలు సాగిపోయి పాట మూలుగుతున్నట్టు వచ్చినా వినేవాళ్లం.

ఆయన కథ క్లుప్తంగా చెప్తా. 1962 ఆగస్టు 16న చిట్టగాంగ్ జిల్లా పటియా ప్రాంతంలో పుట్టాడు. చిన్నప్పుడు తండ్రి కొనిచ్చిన గిటార్‌తో మొదలు. కుర్రతనంలో పెళ్లిళ్లలో, హోటళ్లలో ఇంగ్లిష్ పాటలు వాయించే బ్యాండ్లు అక్కడ చాలా ఉండేవి. ఓడరేవు ఊరు కదా, విదేశీ రికార్డులు ఢాకా కంటే ముందు అక్కడికే చేరేవంటారు. 1970ల చివర్లో ఫీలింగ్స్ అనే బ్యాండ్‌లో వాయించి, 1980లో సోల్స్‌లో లీడ్ గిటారిస్టుగా చేరాడు. అక్కడే పదేళ్లు. సోల్స్‌ది మెత్తని, మెలోడీ ఎక్కువ ఉండే సంగీతం. గొంతులు తపన్ చౌధురి, నసీమ్ అలీ ఖాన్ లాంటి వాళ్లవి. ఈయన పక్కన నిలబడి గిటార్ వాయించేవాడు.

సోల్స్‌లో ఉండగానే "రక్త గోలాప్" (1986), "మొయ్నా" (1988) అని రెండు సోలో ఆల్బమ్‌లు వేశాడు. మొదటిది ఎవరికీ పట్టలేదు, రెండోది బాగా అమ్ముడుపోయింది. 1990 చివర్లో సోల్స్ నుంచి బయటికొచ్చి, 1991 ఏప్రిల్ 5న ఢాకాలో సొంత బ్యాండ్ పెట్టాడు. కీబోర్డ్ ఎస్.ఐ. టుటుల్, బేస్ స్వపన్, డ్రమ్స్ జాయ్. మొదట పేరు లిటిల్ రివర్ బ్యాండ్. ఆ పేరుతో ఆస్ట్రేలియాలో అప్పటికే పేరున్న బ్యాండ్ ఉండటంతో, అవే మూడక్షరాలు ఉంచి లవ్ రన్స్ బ్లైండ్ అని మార్చారు.

1992లో ఏకంగా రెండు క్యాసెట్లు జంటగా విడుదల చేశారు. బంగ్లాదేశ్‌లో అది తొలి డబుల్ ఆల్బమ్. జనానికి ఇంకా పేరే సరిగా తెలియని బ్యాండ్ ఒకేసారి రెండు క్యాసెట్లు దింపడం ఏం ధైర్యమో! "ఏక్‌దిన్ ఘుమ్ భాంగా షొహరే" అందులోదే. అది షహీద్ మహమూద్ జంగీ రాశాడు. నన్నడిగితే "సేయ్ తుమి" కంటే దానికే ఎక్కువ మార్కులు. మిగతాది రాత్రి రాస్తా, డ్యూటీకి టైమైంది.

ఆరు_తీగలు
గిటార్ నేర్పి బతికేవాణ్ణి కాబట్టి ఆ కోణంలోనే చెప్తా. బచ్చు గారికి ఇష్టమైన విదేశీ గిటారిస్టులు జిమీ హెండ్రిక్స్, డేవిడ్ గిల్మోర్, రిచీ బ్లాక్‌మోర్, జో సాట్రియానీ. విన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, వాయిద్యంలోనే తెలిసిపోతుంది. కానీ వాళ్ల లిక్కులు (చిన్న చిన్న గిటార్ ముక్కలు) తెచ్చి బెంగాలీ పాటకు అతికించడం అనిపించదు. ఆయన గిటార్ సోలో మనం నోటితో పాడుకోవడానికి వీలుగా ఉంటుంది. స్పీడ్ చూపించాల్సిన చోట చూపిస్తాడు, కానీ ఎక్కువసార్లు ఒక స్వరాన్ని పట్టి, తీగను పైకి లాగి, అక్కడే వణికిస్తూ నిలబెడతాడు. గొంతు ఆగిన చోట గిటార్ ఎత్తుకుంటుంది, గిటార్ దించిన చోట గొంతు అందుకుంటుంది.

నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ సోలోలు ఇస్తాను. బెంగాలీ రాకపోయినా రెండోసారికే నోటితో పాడేస్తారు, ఆ తర్వాతే వేళ్లు వెతుక్కుంటాయి. సాట్రియానీ ఇస్తే ముందు భయపడతారు. గొంతు వద్దు, వాయిద్యం చాలు అనుకునేవాళ్లకు 2007లో "సౌండ్ ఆఫ్ సైలెన్స్" అని ఇన్‌స్ట్రుమెంటల్ ఆల్బమ్ ఉంది. నర్సింలు గారూ, మీరు మాత్రం అక్కడ మొదలుపెట్టకండి, బోర్ కొడుతుంది.

పాత_క్యాసెట్_పెట్టె
అందరూ బచ్చునే బంగ్లా రాక్‌కు ఆద్యుడన్నట్టు మాట్లాడేస్తారు, అది నాకు మింగుడుపడదు. ఆ వరసలో ముందు నిలబడాల్సిన మనిషి అజమ్ ఖాన్.

1950లో ఢాకా అజీంపూర్‌లో పుట్టాడు. 1969లో పాకిస్తాన్ పాలన మీద లేచిన ఉద్యమంలో క్రాంతి శిల్పీ గోష్ఠి అనే కళాకారుల బృందంతో కలిసి వీధుల్లో పాడాడు. 1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం రాగానే త్రిపురలోని మేలాఘర్ శిబిరానికి వెళ్లి శిక్షణ తీసుకున్నాడు. ఖాలెద్ మొషర్రఫ్ నాయకత్వంలోని సెక్టర్ 2లో గెరిల్లాగా ఢాకా చుట్టుపక్కల పోరాడాడు. శిబిరంలో సాయంత్రాలు అతను పాడేవాడని రచయిత్రి జహనారా ఇమామ్ యుద్ధకాలపు డైరీలో కూడా ఉంది. యుద్ధం అయిపోయాక తుపాకీ అప్పగించి, స్నేహితులతో ఉచ్చారణ్ అనే బ్యాండ్ పెట్టాడు. 1972లో ప్రభుత్వ టీవీలో రెండు పాటలు పాడేసరికి పొడుగు జుట్టు, బక్కపల్చని ఒళ్లు ఉన్న ఈ కుర్రాడెవరని దేశమంతా అడిగింది.

1974 కరువు మీద ఆయన పాట "రైల్ లైనేర్ ఓయ్ బొస్తితే" వినండి. రైలు పట్టాల పక్క మురికివాడలో పుట్టిన బిడ్డ చనిపోతే తల్లి ఏడుస్తుంది, ఆ ఏడుపు మధ్యలో దేశం పేరు పెట్టి పిలుస్తాడు. యుద్ధం గెలిచి మూడేళ్లు కాలేదు. ఆ గెలిచినవాడే వచ్చి మీ ముందు నిలబడి ఇదేనా అని అడుగుతుంటే ఎలా ఉంటుంది! ఆ గొంతులో శిక్షణ ఏమీ ఉండదు, గరుకు. అన్నయ్య ఆలమ్ ఖాన్ సినిమాల్లో పేరున్న సంగీత దర్శకుడు. తమ్ముడు మాత్రం చివరిదాకా కమలాపూర్‌లో సాదాసీదా ఇంట్లోనే బతికాడు. 2011 జూన్ 5న నోటి క్యాన్సర్‌తో పోయాడు. ఏకుషే పదక్ అనే ప్రభుత్వ పురస్కారం 2019లో ఇచ్చారు, పోయిన ఎనిమిదేళ్లకు.

ఖరగ్‌పూర్_కుర్రోడు
పెట్టె గారూ, అజమ్ ఖాన్‌ను "గురు" అనే పిలుస్తారు అక్కడ, ఆ మాట ఊరికే రాలేదు. బచ్చు కూడా ఆయన్ని అలాగే చూసేవాడు. కానీ రెండు పనులు వేరు. అజమ్ ఖాన్ పాటలో మనిషి ముందుంటాడు, బ్యాండ్ వెనక ఉంటుంది. స్టూడియోలో ఒక్కో వాయిద్యం ఎలా వినిపించాలి, పాటలో గిటార్‌కు ఎంత చోటివ్వాలి, ఆల్బమ్ మొత్తం ఒక ఊపులో ఎలా నడవాలి, ఇదంతా పట్టుకుని కూర్చున్నది బచ్చు. ఇంకా చెప్పాలంటే ట్యూన్ల విషయంలో నేను అక్కడి గాయకుడు, సంగీతకర్త లక్కీ అఖండ్‌ను ఇద్దరి కంటే పైన పెడతా. "ఏయ్ నీల్ మొనిహార్" ఒక్కటి చాలు. తమ్ముడు హ్యాపీ 1987లో చనిపోయాక ఆ మనిషి పదేళ్లు పాట ముట్టుకోలేదు. ఆయన మీద వేరే చర్చ పెడదాం.

నర్సింలు అన్నకు మిగతా కథ. 1994లో "తొబువో", 1995లో "ఘుమొంతో షొహరే". అదే 1995లో సోలోగా "కష్టొ". లతీఫుల్ ఇస్లాం శిబ్లీ రాసిన టైటిల్ పాటతో ఆ క్యాసెట్ టీ కొట్టుల్లో, బస్సుల్లో, ఎక్కడ చూసినా మోగింది. బాధే నాకిష్టం అని పాడే ఆ పాట ప్రేమలో దెబ్బతిన్న ప్రతి కుర్రాడికీ సొంత పాట అయిపోయింది. 1996లో "ఫెరారీ మొన్". ఎలక్ట్రిక్ గిటార్ గరగరలు (డిస్టార్షన్) అంతా పక్కన పెట్టి, ఉట్టి అకౌస్టిక్ వాయిద్యాలతో పాత పాటలు లైవ్‌గా వాయించారు. బంగ్లాదేశ్‌లో అలాంటి ఆల్బమ్ రావడం అదే మొదలు. నాకు వయసు పెరిగే కొద్దీ హార్డ్ రాక్ కంటే ఇదే ఎక్కువ తీస్తున్నా.

"రూపాలి గిటార్" వదలకండి, అది కూడా "సుఖ్"లోదే. రాసింది కౌసర్ అహ్మద్ చౌధురి. ఆయన ఢాకా పత్రికలో రాశిఫలాలు రాసేవాడు కూడా! పొద్దున్నే జనం ఆయన చెప్పిన వారఫలం చదువుకుని, సాయంత్రం ఆయన రాసిన పాట పాడుకునేవాళ్లన్నమాట.

మర్చండైజర్_ఢాకా
గార్మెంట్స్ లైన్‌లో ఢాకాలో కొన్నేళ్లు పనిచేశాను, ఇప్పుడు తిరుపూర్‌లో. మీరందరూ బ్యాండ్ పాటలే చెప్తున్నారు. మా ఆఫీస్ డ్రైవర్‌కు ఎల్‌ఆర్‌బీ అంటే ఏంటో తెలియదు గానీ "అమ్మాజాన్" పాట వస్తే సౌండ్ పెంచేవాడు. 1999లో కాజీ హయాత్ తీసిన సినిమా, హీరో మన్నా. సంగీతం అహ్మద్ ఇంతియాజ్ బుల్‌బుల్, ఆయన కూడా 1971లో యుద్ధం చేసినవాడే. తల్లి మీద పాట. ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ తాగే అబ్బాయిలందరికీ నోటికి వచ్చు. మా ఆఫీసులో ఇంగ్లిష్ మీడియం పిల్లలు మాత్రం ఆ పాట పేరెత్తితే ముఖం చిట్లించేవారు, రాక్ స్టార్ వెళ్లి మసాలా సినిమాకు పాడటమేంటని.

ఆరు_తీగలు
ముఖం చిట్లించేవాళ్లతో నేను కొంచెం ఏకీభవిస్తా సార్. ఆ పాటలో గొంతు ఉంది, బచ్చు లేడు.

మర్చండైజర్_ఢాకా
మీరు గిటార్ లేకపోతే బచ్చు లేడంటున్నారు, మా డ్రైవర్ ఆ గొంతే చాలంటాడు. నేను డ్రైవర్ పక్షం.

సరే, లైవ్ సంగతి. చలికాలం వచ్చిందంటే అక్కడ కన్సర్ట్‌ల సీజన్. యూనివర్సిటీలు, కంపెనీల ఫంక్షన్లు, జిల్లా మైదానాలు. నేను చూసింది ఒక కన్వెన్షన్ హాల్లో. నిర్వాహకులు చెప్పిన టైమ్‌కూ మొదలైన టైమ్‌కూ సంబంధం లేదు. ముందు వచ్చిన బ్యాండ్లకు మైకులు కూడా సరిగా పనిచేయలేదు. ఈయన నల్ల టీషర్ట్, టోపీతో వచ్చి, మాటామంతీ లేకుండా చాలాసేపు గిటారే వాయించాడు. చివర్లో "సేయ్ తుమి" మొదటి లైను అందుకుని ఆపేశాడు. పల్లవంతా హాలే పాడింది. నా పక్కన బయ్యర్ కంపెనీ తరఫున వచ్చిన జర్మన్ ఆయన నిలబడి ఉన్నాడు. ఇది వాళ్ల జాతీయ గీతమా అని అడిగాడు నన్ను, నిజంగానే.

మొగ్‌బజార్‌లో ఆయన స్టూడియో ఉండేది, పేరు ఏబీ కిచెన్. స్టూడియోకు వంటగది అని పేరు పెట్టుకోవడం నాకు భలే నచ్చింది. కొత్త కుర్రాళ్లు చాలామంది ఆ మెట్లెక్కినవాళ్లే.

మెడికో_సింధు
నేను చిట్టగాంగ్‌లో ఎంబీబీఎస్ చదివాను, మాది ఒంగోలు. 2018 అక్టోబర్ 18 గురువారం. పొద్దున క్లాసులో ఉండగానే ఒక్కసారిగా అందరి ఫోన్లూ మోగడం మొదలయ్యాయి. ఢాకాలో గుండెపోటుతో చనిపోయారని. 56 ఏళ్లు. రెండు రోజుల ముందే రంగ్‌పూర్‌లో కన్సర్ట్ చేశారట. మా సీనియర్ ఒకామె చాలా స్ట్రిక్ట్, ఎప్పుడూ నవ్వదు కూడా. ఆవిడ కారిడార్‌లో గోడకు ఆనుకుని ఏడుస్తుంటే నాకు ఏం చేయాలో తోచలేదు. మంచినీళ్ల బాటిల్ ఇచ్చి పక్కన నిలబడ్డాను.

ఢాకాలో షహీద్ మినార్ దగ్గర ప్రజల సందర్శనకు ఉంచాక, శనివారం చిట్టగాంగ్ తెచ్చారు. జమియతుల్ ఫలాహ్ మసీదు మైదానంలో జనాజా నమాజు. మేం హాస్టల్ అమ్మాయిలం దూరంగా ఫ్లైఓవర్ వైపు నుంచి చూశాం, కనిపించినంత మేరా జనమే. చైతన్య గలీ స్మశానంలో వాళ్లమ్మ పక్కనే ఖననం చేశారు.

మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ప్రవర్తక్ సర్కిల్ దగ్గర సిటీ కార్పొరేషన్ వాళ్లు 18 అడుగుల వెండి రంగు గిటార్ విగ్రహం పెట్టారు, "రూపాలి గిటార్" పాట పేరు మీదే. మెడికల్ కాలేజీకి దగ్గర్లోనే. నా స్నేహితులు అక్కడ నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే నేను ఆటోల హారన్లకు చెవులు మూసుకునేదాన్ని. సంగీతకారుడి విగ్రహం పెట్టడానికి ఊళ్లో అంతకంటే రణగొణగా ఉండే చోటు దొరకలేదేమో!

సినిమా_పిచ్చి_గుంటూరు
ఒక డౌట్. మనకు ఇంత సంగీతం ఉంది, ఇలా బ్యాండ్ పెట్టి 30 ఏళ్లు జనాన్ని ఊపిన మనిషి తెలుగులో ఎందుకు లేడు? అక్కడ డబ్బెలా వచ్చేది వీళ్లకు?

పాత_క్యాసెట్_పెట్టె
మనకు పాటంటే సినిమా పాట. క్యాసెట్ కంపెనీ డబ్బు పెట్టేది సినిమాకే, రేడియోలో స్లాటు సినిమాకే. అక్కడ 1980లు, 90లలో క్యాసెట్ల వ్యాపారం సినిమాకు పక్కన వేరేగా పెరిగింది. ఢాకా పటువాటులీలో ఆడియో కంపెనీలన్నీ ఒకే చోట ఉండేవి. ఈద్ వస్తే మనకు సంక్రాంతి సినిమాల్లా బ్యాండ్ ఆల్బమ్‌లు దిగేవి. అనేక బ్యాండ్ల గాయకులను ఒకే క్యాసెట్‌లో కలిపే మిక్స్‌డ్ ఆల్బమ్‌లు మరో ఊపు. ఇక 1990 డిసెంబర్‌లో సైనిక పాలకుడు ఎర్షాద్ గద్దె దిగాక విద్యార్థుల్లో ఉన్న ఉత్సాహం సంగతి చెప్పక్కర్లేదు, క్యాంపస్ కన్సర్ట్‌లు వరసగా జరిగాయి. ఎల్‌ఆర్‌బీ పుట్టింది ఆ తర్వాత నాలుగు నెలలకే.

తర్వాత ఆ మార్కెట్టే కూలింది. సీడీ, పైరసీ, ఆపైన ఫోన్ రింగ్‌టోన్లు. రాయల్టీ సరిగా అందదని బచ్చు తరం వాళ్లంతా మొత్తుకున్నవాళ్లే. చివరి ఏళ్లలో కుర్ర గిటారిస్టుల పోటీ పెట్టడానికి స్పాన్సర్లు దొరక్క, తన గిటార్లు కొన్ని అమ్ముతానని ప్రకటించాడాయన. అంత పేరున్న మనిషికి ఆ గతి పట్టడం గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. పోయాక 2020లో అక్కడి కాపీరైట్ ఆఫీసు ఆయన పాటలు 270 పైచిలుకు డిజిటల్‌గా భద్రపరిచింది. బతికున్నప్పుడు చేసి ఉంటే ఏం పోయేది!

దోహా_నర్సింలు
అన్నలూ, అక్కా, దండాలు. నిన్న రాత్రి "ఫెరారీ మొన్" నేనే పెట్టా. నోవాఖాలీ భాయ్ నా ఫోన్ గుంజుకుని చూసిండు, ఇది నీకెట్ల దొరికింది అని. ఆ తర్వాత ఇంకో లొల్లి మొదలైంది. రూంలో ఒకాయన జేమ్సే గొప్ప అంటడు, ఇంకొకాయన బచ్చు అంటడు. కూర మాడింది. ఈ జేమ్స్ ఎవరు?

ఖరగ్‌పూర్_కుర్రోడు
హా హా, ఆ లొల్లి తెగేది కాదన్నా, 1990ల నుంచి నడుస్తోంది. జేమ్స్ నీకు తెలుసు! 2006లో "గ్యాంగ్‌స్టర్" హిందీ సినిమాలో "భీగీ భీగీ" పాడింది అతనే, ప్రీతమ్ సంగీతం. మన హైదరాబాద్‌లో ఆ ఏడాది ఆటోల్లో కూడా మోగింది. అతనూ చిట్టగాంగ్‌లో తయారైనవాడే. బచ్చు ఒకప్పుడు వాయించిన ఫీలింగ్స్‌నే తర్వాత జేమ్స్ నడిపాడు, అదే ఇప్పటి నగర్ బౌల్. బచ్చుది తీర్చిదిద్దిన సంగీతం, జేమ్స్‌ది గొంతు చించుకుని పాడే తరహా. అభిమానులు కొట్టుకున్నారు గానీ వాళ్లిద్దరూ "క్యాప్సూల్ 500 ఎంజీ" అని కలిసి ఆల్బమే చేశారు. బచ్చు పోయిన రోజు రాత్రి జేమ్స్‌కు బర్గునాలో కన్సర్ట్ ఉంది. స్టేజీ ఎక్కి మాట్లాడలేక ఏడ్చేశాడు. గిటార్ మాత్రం వాయిస్తూనే ఉన్నాడు. ఆ వీడియో దొరుకుతుంది, మీ ఇద్దరు భాయ్‌లను పక్కపక్కన కూర్చోబెట్టి చూపించు.

సినిమా_పిచ్చి_గుంటూరు
ఇప్పుడు ఎల్‌ఆర్‌బీ ఉందా మరి?

మర్చండైజర్_ఢాకా
ఆయన పోయాక 2019లో బాలామ్ అనే గాయకుణ్ణి తెచ్చుకుని మిగతావాళ్లు నడపాలని చూశారు. ఆ పేరు వాడుకోవడం మీద కుటుంబం నుంచి అభ్యంతరం వచ్చింది. ఆయన లేకుండా ఆ మూడక్షరాలు పెట్టుకుని స్టేజీ ఎక్కడం నాకూ రుచించలేదు. స్వపన్ లాంటి వాళ్లు మొదటి రోజు నుంచీ ఉన్నవాళ్లే, వాళ్లకూ పొట్ట ఉంటుంది, అదీ నిజమే.

ఆరు_తీగలు
నర్సింలు గారూ, వచ్చే గురువారానికి నా మాట విని "ఏక్‌దిన్ ఘుమ్ భాంగా షొహరే" పెట్టండి, 1992 నాటి అసలు రికార్డింగ్. ఇంకో సంగతి, ఆ చిన్న బ్లూటూత్ డబ్బాలో బేస్ వినపడదు, అందరూ తలా పది రియాళ్లు వేసుకుని కొంచెం పెద్ద స్పీకర్ కొనండి.

దోహా_నర్సింలు
పది రియాళ్లా! జేమ్స్ పార్టీ ఆయన ఒప్పుకుంటే కొంటాం అన్నా. మొదటి పాట ఎవరిది వెయ్యాలన్న దాని మీదే ఇప్పుడు పంచాయితీ నడుస్తుంది.